నెరవేరని ఆ మాట ఎవరిది?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. నా వయసు 39. మా ఆయన జీడితోటల్లో పనిచేసేవారు. నాలుగేళ్ల కిందట కిడ్నీలు పాడయ్యాయన్నారు. చివరి ఏడాదిన్నర వారానికి రెండుసార్లు డయాలిసిస్ చేయించాం. జనవరి ఒకటిన సంఘంలో నాకు వచ్చిన వాగ్దాన కార్డు (ఏడాదికి ఒక బైబిలు వాక్యం) యిర్మీయా 29:11. దాన్ని ఆయన మంచానికి ఎదురుగా గోడకు అంటించాను. ఫిబ్రవరిలో సభలకు వచ్చిన ఒక దైవజనుడు నా తలమీద చెయ్యి పెట్టి, "ఈ ఏడాది దాటేలోపు నీ భర్తకు మిషను అక్కర్లేకుండా పోతుందని ప్రభువు సెలవిస్తున్నాడు" అన్నారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి నలభై వేలు తెచ్చి, ఇస్తే ఫలితం వస్తుందనే విత్తన కానుకగా ఇచ్చాను. నలభై రోజులు ఉపవాసం ఉన్నాను. ఆగస్టులో ఆయన పోయారు. స్త్రీల కూడికలో ఒకావిడ "డాక్టర్లను నమ్ముకున్నారు, అందుకే" అంటోంది. ఇంకొకావిడ "ఒప్పుకోని పాపం ఏదో ఉంది" అంటోంది. మోకరిస్తే మాట రాదు, కోపం వస్తుంది. ఆ కోపంతో ప్రభువు బల్ల (సంఘంలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం) తీసుకోకూడదని రెండు నెలలుగా మానేశాను. ఇంటర్ చదివే కొడుకు "దేవుడే లేడమ్మా" అంటున్నాడు. నా విశ్వాసం పోయినట్టేనా? మళ్ళీ ఎలా ప్రార్థించాలి? ఆ కార్డు తీసెయ్యొచ్చా?

జవాబు: అమ్మా, కార్డు తీసెయ్యండి. శాపం ఏమీ తగలదు. అయితే పారేసే ముందు బైబిలు తెరిచి యిర్మీయా 28, 29 అధ్యాయాలు కలిపి ఒకసారి చదవండి. మీకు జరిగినదాంట్లో సగం అక్కడ ఉంది.

"సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న పదకొండో వచనాన్నే కార్డుల మీద అచ్చు వేస్తారు. దాని పైనున్న పదో వచనం వెయ్యరు. బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యిర్మీయా రాసిన ఉత్తరం ఇది. అక్కడ డెబ్బై ఏళ్లు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని దేవుడు ఆ పదో వచనంలో వాళ్లకు చెప్పాడు. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి ఊరు చూడకుండానే పరదేశంలో కన్నుమూసి ఉంటారు. వాళ్లకు ఆయన చెప్పిన పని కూడా అదే అధ్యాయంలో ఉంది: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి. చెరపట్టబడిన ఒక జనాంగాన్ని దేవుడు మరచిపోడన్న మాట అది. ఒక మనిషి జబ్బు ఈ డిసెంబరులోపు నయమవుతుందని ఆ వచనం ఎవరికీ మాట ఇవ్వలేదు. అది మీ చేతికి వచ్చింది చీటీ తీసినట్టు. పక్కావిడకు ఇంకొకటి వచ్చింది. సంవత్సరమంతా ఒక వాక్యాన్ని గుర్తుపెట్టుకోవడానికి ఆ ఆచారం మంచిదే. దాన్ని రోగనిర్ధారణ కాగితంలా చదివినప్పుడే దెబ్బ తగులుతుంది.

ఇక ఆ దైవజనుడి మాట. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. గుడిలో, అందరి ముందు, రెండేళ్లలో చెర తిరిగి వచ్చేస్తుందని యెహోవా పేరు మీదే చెప్పాడు. ఆ తర్వాత యిర్మీయా మెడమీది కాడినీ విరగ్గొట్టాడు. అంతకుముందు, ఆ ప్రవచనం వినగానే యిర్మీయా అన్న మొదటి మాట "ఆమేన్". అలాగే జరిగితే బాగుండునని ఆయనకూ ఉంది. మీకూ ఉంది, ఆ రోజు సభలో ఆమేన్ అన్న వాళ్లందరికీ ఉంది. ఆశపడటం తప్పు కాదు. చెప్పినది జరగలేదు, అంతే. చెప్పినది జరగకపోతే ఏమనుకోవాలో ద్వితీయోపదేశకాండము 18:22 తేల్చేసింది: ఆ మాట యెహోవా చెప్పినది కాదు, ఆ మనిషి అహంకారంతో చెప్పాడు, అతనికి భయపడవద్దు. వింటున్నవాళ్ల విశ్వాసం చాలక ప్రవచనం తప్పిందన్న మినహాయింపు ఆ వచనంలో లేదు. ప్రవచనం తప్పినప్పుడు ప్రవక్తను నిలదీయమంది ధర్మశాస్త్రం. మన సభల్లో మాత్రం విధవరాలిని నిలదీస్తున్నారు.

కాబట్టి రెండింటిని వేరుచేసి చూసుకోండి. మీకు మాట ఇచ్చి తప్పినవాడు ఒక మనిషి. దేవుడు నిజంగా ఇచ్చిన మాటలు వేరే ఉన్నాయి. వాటిలో "లోకములో మీకు శ్రమ కలుగును" అన్నది కూడా ఒకటి (యోహాను 16:33). చనిపోయినవాళ్లను అంత్యదినాన లేపుతానన్నది ఇంకొకటి. మొదటిది మీ ఇంట్లో జరిగింది. రెండోదానికి గడువు ఇంకా రాలేదు. ఇది చెప్పగానే గుండె బరువు తగ్గిపోదు. మీ కోపం ఎవరి మీదో తెలుసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

ఆ అక్కలు అన్న మాటలకు వద్దాం. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా, షుగరు గానీ బీపీ గానీ లేని తోట కూలీలకు, రైతులకు కిడ్నీలు దెబ్బతినడం దశాబ్దాలుగా చూస్తున్నారు. ఎందరో వచ్చి నీళ్లు, నేల పరీక్షించినా ఫలానాదే కారణమని ఇప్పటికీ తేల్చలేకపోయారు. ఒప్పుకోని పాపం వల్ల కిడ్నీలు పోతాయంటే ఉద్దానంలో ఆ పాపం ఏడు మండలాలుగా పంచుకున్నారా? సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిన సంగతి చెబుతూ సరిగ్గా ఇలాంటి ప్రశ్నను యేసే ఎత్తాడు. వాళ్లు మిగతా యెరూషలేము వాళ్లకంటే ఎక్కువ అపరాధులు కారని లూకా 13లో ఆయన తెగేసి చెప్పాడు.

డాక్టర్ల సంగతికి యెషయా 38 చాలు. జబ్బుపడిన రాజు హిజ్కియాకు పదిహేనేళ్లు ఆయుష్షు పెంచుతానని దేవుడే చెప్పాడు. అయినా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. పౌలు తన వెంట వైద్యుడైన లూకాను ఉంచుకున్నాడు. తన తోటివాడు త్రోఫిమును రోగంతోనే మిలేతులో వదిలి వెళ్లాడు, ఎవరి విశ్వాసాన్నీ తప్పుపట్టకుండా. మీరు వారానికి రెండుసార్లు, పూటకు నాలుగేసి గంటలు ఆయన్ని మిషను దగ్గర కూర్చోబెట్టి తెచ్చుకున్నారు కాబట్టే ఆ ఏడాదిన్నర ఆయన మీతో ఉన్నారు. డయాలిసిస్ చేయించుకుంటున్నవాళ్లలో ఎక్కువమంది ప్రాణం తీసేది గుండె జబ్బు. ఎంత జాగ్రత్త పడినా అది హఠాత్తుగా రావచ్చు. మీ ఉపవాసంలో ఒకరోజు తగ్గినందువల్ల వచ్చేది కాదు.

మీ విశ్వాసం చాలలేదన్నవాళ్లకు హెబ్రీయులకు 11వ అధ్యాయం చివర చూపించండి. విశ్వాసం వల్ల స్త్రీలు చనిపోయిన తమవాళ్లను తిరిగి పొందారని 35వ వచనం మొదట్లో ఉంటుంది. అదే వచనం మధ్యలో "కొందరైతే" అని మొదలై, విడుదల పొందకుండా చచ్చినవాళ్ల జాబితా నడుస్తుంది. ఇద్దరినీ ఒకే విశ్వాసం గలవాళ్లుగా లెక్కపెట్టారు అక్కడ. చూపించే ఓపిక లేకపోతే వాదించకండి. "అక్కా, ఆ మాట ఇంకెప్పుడూ నాతో అనొద్దు, కూర్చుంటే ఊరికే కూర్చో" అనండి చాలు. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు నోరు విప్పకుండా నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక చెడింది. చివరికి దేవుడు కోప్పడింది కూడా వాళ్ల మీదే (యోబు 42:7). ఆయనతో వాదులాడిన యోబు యుక్తంగా మాట్లాడాడన్నాడు.

ఇప్పుడు ప్రార్థన. మోకరిస్తే కోపం వస్తోందన్నారు. ఆ కోపాన్ని ఆయనకే చెప్పండి. ప్రార్థన మొదలయ్యేది అక్కడే. లేని దేవుడి మీద ఎవరికీ కోపం రాదు. మీ ఉత్తరం చదివితే విశ్వాసం పోయినట్టు అనిపించడం లేదు, గాయపడినట్టు ఉంది. తమ్ముడు లాజరు చనిపోయినప్పుడు మార్త యేసుతో ఏమందో చూడండి: ప్రభువా, నీవిక్కడ ఉంటే నా తమ్ముడు చావకపోయేవాడు. తర్వాత ఆమె తోబుట్టువు మరియ వచ్చి అదే మాట అంది. కబురు పంపినా యేసు సమయానికి రాలేదని ఇద్దరికీ తెలుసు. ఆయన ఇద్దరిలో ఎవరినీ గద్దించలేదు, ఏడ్చాడు.

150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా ఇలాంటి మొరలే. స్తుతి కీర్తనలు రోజూ పాడుకుంటాం కాబట్టి ఇవి ఉన్నాయనే మరచిపోతాం. 13వ కీర్తనతో మొదలుపెట్టండి, ఆరే వచనాలు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" మొదటి రెండు వచనాల్లో ఎన్నాళ్లు, ఎంతవరకు అన్న ఆ నిలదీత నాలుగుసార్లు వస్తుంది. మూడు, నాలుగు వచనాల్లో అడగడం ఉంది. చివరి రెండు వచనాల్లో నమ్మకం. మొర ఈ వరసలో నడుస్తుంది: పిలవడం, జరిగింది చెప్పడం, అడగడం, ఆ తర్వాతే నమ్మకం.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. రోజుకు పది నిమిషాలు, అంతకు మించి వద్దు. ఇల్లు సద్దుమణిగాక రాత్రి కూర్చుంటే నిద్ర చెడుతుంది కాబట్టి పొద్దున్నే కూర్చోవడం మేలు. కీర్తన పైకి చదవండి, మనసులో కాదు. తర్వాత మీ మొర నాలుగు వాక్యాల్లో రాయండి. మొదటి వాక్యంలో ఆయన్ని పిలవండి. "తండ్రీ" అనడానికి నోరు రాకపోతే "దేవా" అంటే చాలు. రెండో వాక్యంలో జరిగింది ఉన్నది ఉన్నట్టు రాయండి: ఆయన పోయాడు, అప్పు మిగిలింది, నువ్వు మాట్లాడలేదు. సంఘంలో నలుగురి ముందు చేసే ప్రార్థన భాష ఇక్కడ అక్కర్లేదు, ఇంట్లో మాట్లాడే మాటలే రాయండి. మూడోది ఆ రోజుకు కావలసినది ఒక్కటే అడగండి. నిద్ర కావచ్చు, వడ్డీ డబ్బు కావచ్చు, కొడుకు అన్నం తినడం కావచ్చు. నాలుగోది నమ్మకపు వాక్యం. రాకపోతే ఖాళీగా వదిలెయ్యండి. ఖాళీగా వదిలిన రోజు ప్రార్థన చెయ్యనట్టు కాదు. 88వ కీర్తన రాసినాయన కూడా ఆ భాగం వదిలేశాడు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగించాడు, దాన్ని అలాగే బైబిల్లో ఉంచారు.

వారమంతా 13 చదవండి. తర్వాత 42, 77, 88, 22, 73, వారానికొకటి. 22ను 88 తర్వాతే పెట్టాను. సిలువ మీద యేసు అరిచిన అరుపు ఆ కీర్తన మొదటి వాక్యమే. 88లో మీరు ఒంటరిగా ఉన్నట్టు అనిపించాక అది చదివితే ఆ చీకట్లోకి ముందే ఎవరు వెళ్లారో తెలుస్తుంది. 73 చివర ఎందుకంటే అది జరిగిపోయినదాన్ని వెనక్కి తిరిగి చూసుకున్నవాడి కీర్తన. మొదటే చదివితే ఒంటబట్టదు.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. రెండు రోజులు బాగుందని మూడో రోజు మూడు అధ్యాయాల పఠనం, తెల్లవారుజాము ప్రార్థన మొదలుపెడతారు. వారంలో తప్పుతుంది. తప్పినందుకు మళ్ళీ దోషిననుకుంటారు. పది నిమిషాలంటే పది నిమిషాలే. ఒకరోజు తప్పితే ఆ రోజుది పూడ్చకండి. ఇంకొకటి, కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టిన చోట దేవుడు ఏం చెబుతాడోనని చూడటం. దుఃఖంలో ఉన్నప్పుడు చేతికి ఏ శాపవచనం తగిలినా అది మీకోసమే అనిపిస్తుంది. అది మానండి. కష్టం తొందరగా సాక్ష్యంగా మారాలన్న ఒత్తిడి కూడా ఉంటుంది. క్రిస్మస్ కూడికలో సాక్ష్యం చెప్పమంటే "ఇప్పుడు కాదండీ" అనండి. పాడలేకపోతే నిలబడి వినండి. పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చినప్పుడు యేసు చూసింది వాళ్ల విశ్వాసాన్ని అని మార్కు రాశాడు. కొన్నాళ్లు మిమ్మల్ని కూడా మొయ్యనివ్వండి. సంఘంలో నోరు అదుపులో ఉన్న స్త్రీ ఒకరైనా ఉంటారు. వారానికి ఒకసారి వచ్చి అరగంట కూర్చుని, మీతో కలిసి పరలోక ప్రార్థన చెప్పి వెళ్లమని ఆమెను అడగండి. సలహాలు వద్దని ముందే చెప్పండి.

ఉపవాసాలు ప్రస్తుతానికి ఆపండి. నలభై రోజుల ఉపవాసం, ఆ తర్వాత ఇంట్లో చావు, ఇప్పుడు ఈ దుఃఖం. ఈ ఒంటికి ఇంకో ఉపవాసం వద్దు. ఏలీయా చావడానికి సిద్ధపడి చెట్టు కింద పడుకున్నప్పుడు దూత ప్రసంగం చెయ్యలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, సీసాతో నీళ్లు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. దేవుడు ఆయన్ని ప్రశ్న అడిగింది ఆ తర్వాత, హోరేబుకు చేరాక (1 రాజులు 19).

ఒకటి మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. ఆయన గుర్తొచ్చి ఏడుపు రావడం, తెరలు తెరలుగా దుఃఖం పొంగడం సహజం. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, ఏ పనీ చేతకాకపోవడం ఉంటే డాక్టరును కలవండి. "నేనూ ఆయన దగ్గరికి పోతే బాగుండు" అన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు కూడా చూడకండి, ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ప్రాణం విసిగిందని దేవుడితో అన్నవాళ్లలో మోషే, ఏలీయా, యోబు, యోనా ఉన్నారు. ఆ ఆలోచన వచ్చినంత మాత్రాన మీరు విశ్వాసఘాతకులు కారు. అయితే ఒక్కరే ఉండి మోయాల్సిన ఆలోచన కాదది.

బల్ల సంగతి. "అయోగ్యముగా" తినకూడదన్న మాట కొరింథు సంఘానికి ఎందుకు రాయాల్సి వచ్చిందో 1 కొరింథీయులకు 11:21, 22లో ఉంది. ఉన్నవాళ్లు ముందే తినేసి మత్తుగా ఉంటే లేనివాళ్లు ఆకలితో కూర్చున్నారు, పేదలను సిగ్గుపరిచారు. దుఃఖంలో దేవుణ్ణి ఎందుకిలా చేశావని అడిగే విధవరాలి గురించి రాసిన మాట కాదది. పాస్టరుగారితో ఒక మాట చెప్పి, వచ్చే నెల తీసుకోండి. లోపల ఏమీ అనిపించకపోయినా ఫరవాలేదు. ఆ రొట్టె మన అనుభూతిని బట్టి ఇచ్చేది కాదు.

అప్పు. నలభై వేలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,200, ఏడాదికి 14,400. మీరు డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడ తక్కువ వడ్డీకి తీసుకుని ముందు దీన్ని తీర్చెయ్యండి. నోటు వెనక్కి తీసుకుని మీ ఎదుటే చించేయించండి. అది తీరేదాకా అప్పు తెచ్చి ఎక్కడా కానుక వెయ్యకండి. కలిమి కొద్దీ ఇచ్చినదే ప్రీతికరమని, లేనిదాన్ని దేవుడు అడగడని 2 కొరింథీయులకు 8:12లో ఉంది. ఆ దైవజనుడికి మీ పాస్టరుగారి ద్వారా ఒక ఉత్తరం రాయించి డబ్బు అడగండి. రాదనుకునే అడగండి. అయినా అడగాలి, లేకపోతే వచ్చే ఏడాది అదే సభలో ఇంకొకరి తలమీద చెయ్యి పడుతుంది.

ఇలా అంటే కొందరికి కోపం రావచ్చు గానీ, తెలుగు సంఘాలు ఇలా మొదలు కాలేదు. 1876 నుంచి 1878 దాకా సాగిన కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడ్డారు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు పనులు ముగిసేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక కూడా వాళ్లు తిరిగి వచ్చారు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చేతికి వచ్చేదేమీ లేదని తెలిసీ వచ్చినవాళ్ల వారసులం మనం. ఇస్తే వస్తుందన్న లెక్క తర్వాత చేరింది.

సంఘం మీకు చెయ్యాల్సింది కూడా ఉంది. విధవరాండ్రను చూసుకోవడం 1 తిమోతి 5లో సంఘం బాధ్యత, దానం కాదు. కొడుకు పరీక్ష ఫీజుకో, నెల బియ్యానికో సంఘ పెద్దలను అడగడానికి సిగ్గుపడకండి. పింఛను గురించి ఆయన మరణ ధ్రువపత్రం, ఆధార్ పట్టుకుని గ్రామ సచివాలయంలో కనుక్కోండి.

ఇక అబ్బాయి. గుడికి లాక్కెళ్లకండి. "నాన్న ఉంటే బాధపడేవారు" అని అస్సలు అనకండి. తండ్రి పోయిన పిల్లాడి మీద అంతకంటే పెద్ద బరువు లేదు. యేసు తిరిగి లేచాడని తోటి శిష్యులు చెబితే తోమా నమ్మనన్నాడు, ఆ తర్వాత కూడా ఎనిమిది రోజులు వాళ్లతోనే ఉన్నాడు, వాళ్లు బయటికి పొమ్మనలేదు. మీవాడికి ఇంట్లో ఆ చోటు ఉండాలి. మీ నోటుపుస్తకం దాచిపెట్టకండి. వాడు చూస్తే చూడనివ్వండి. అమ్మ కూడా దేవుణ్ణి నిలదీస్తోందని తెలిస్తే వాడు నోరు విప్పే అవకాశం ఎక్కువ. ఫిబ్రవరి సభలో ఏం జరిగిందో, ఎంత ఇచ్చారో వాడికి తెలియకపోతే మీరే కూర్చోబెట్టి చెప్పండి. పదిహేడేళ్ల కుర్రాడికి వడ్డీ లెక్క అర్థమవుతుంది. వాడు లేడంటున్నది ఆ దైవజనుడు చూపించిన దేవుడే కావచ్చు. ఆ దేవుణ్ణి మీరూ నమ్మక్కర్లేదని వాడితో చెప్పండి.